సంతకం పెట్టింది బావ, బల్ల మీద ఉన్నది మావయ్య

వైజాగ్ రామ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. లోపల మావయ్యకి యాంజియోగ్రామ్, అంటే చేతిలోంచి సన్నటి గొట్టం పంపి గుండె రక్తనాళాలు చూసే పరీక్ష, అవుతోంది, బయట బెంచీ మీద మేం ముగ్గురం. సగం తెరిచిన తలుపులోంచి డాక్టరుగారు, "బ్లాక్ ఉందండీ, స్టెంట్ ఇప్పుడే వేసేద్దామా, లేదంటే ఇంకోసారి రావాలి" అన్నారు. స్టెంట్ అంటే మూసుకుపోతున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలీ. బావ నా వంక, నేను అత్తయ్య వంక చూశాం. "మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి బాబూ" అంది అత్తయ్య. బావ సంతకం పెట్టేశాడు. రెండు నిమిషాలు పట్టిందేమో.

మావయ్య మెలకువగానే ఉన్నాడు. మణికట్టు దగ్గరే కదా మత్తిచ్చింది! "నర్సమ్మతో కబుర్లాడుతూనే ఉన్నాను, నన్నెవరూ అడగలేదురా" అన్నాడు తర్వాత.

పెద్దాయనకి టెన్షన్ ఎందుకని మనమే డాక్టర్లకి చెబుతాం, కాబట్టి తప్పంతా వాళ్లదే అనలేను. కానీ 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇలాంటి తలుపు దగ్గర జరిగే పని గురించే. 1995లో ఢిల్లీలో ఆవిడ లాపరోస్కోపీ (పొట్టలోకి చిన్న గొట్టం పంపి చూసే) పరీక్షకని వెళ్తే, మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఒప్పుకుంటే చికిత్సకి ఒప్పుకున్నట్టు కాదు, ప్రాణం మీదికి రానప్పుడు మనిషి లేచాక అడగొచ్చు, తల్లి ఒప్పుకోలు చెల్లదు అంది కోర్టు. సమీరా అయితే కనీసం స్పృహలో లేదు.

గుండెపోటు వస్తే లెక్క వేరు, అక్కడ ఒక్కో నిమిషం ముఖ్యమే. మావయ్యది అది కాదు, సింహాచలం మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, అదీ ఆర్నెల్లుగా. ఇలా నిలకడగా ఉన్నవాళ్లకి మందులకి తోడు స్టెంట్ వేసినా మరణాలు తగ్గలేదని 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే రోగుల మీద జరిగిన పెద్ద పరిశోధనలు తేల్చాయి. నొప్పి తగ్గుతుంది, నిజమే. అయితే ఆ నొప్పి ఎంత ఇబ్బంది పెడుతోందో, దానికోసం ఇంత ఖర్చు, ఆపైన కొన్నాళ్లు రక్తం పలచబరిచే మాత్రలు సరేనో కాదో చెప్పగలిగింది ఆ నొప్పి పడేవాడే, బావ ఎలా చెబుతాడు?

రెండోసారి గొట్టం పెట్టడం ఖర్చే, ఇబ్బందే, డాక్టరుగారి మాటలో అబద్ధం లేదు. కానీ ఆ పొద్దున మావయ్య ఓపీలో మూడు గంటలు ఊరికే కూర్చున్నాడు. బ్లాక్ కనిపిస్తే ఏం చేద్దామన్న మాట అప్పుడే అడిగి ఉండొచ్చు.

మొన్న శుక్లం ఆపరేషన్‌కి వేరే ఆసుపత్రికి వెళ్లాం. ఫారం బావ చేతికి ఇవ్వబోతుంటే మావయ్య చెయ్యి చాపి, "కన్ను నాదమ్మా, ఇలా ఇవ్వు" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. మొత్తం ఇంగ్లీషే.