సవరణ: ఇసుక ఈగల్లో వాసనతో పిలిచేది మగదే

రక్తం తాగే చిన్న కీటకమైన ఇసుక ఈగల్లో ఆడది ఫెరోమోన్ (తన జాతి వాటిని ఆకర్షించే వాసన రసాయనం) వదిలి మగవాటిని రప్పించుకుంటుందని క్రిందటి పోస్టులో రాశాను, అది తప్పు. పట్టుపురుగుల్లో, రెక్కలు వచ్చాక, జరిగేది అదే కానీ ఇక్కడ వ్యవహారం తిరగబడింది. బ్రెజిల్‌లో విసెరల్ లీష్మేనియాసిస్‌ను (మన దగ్గర కాలా అజార్ అనే జబ్బును) వ్యాపింపజేసే లుట్జోమియా లాంగిపాల్పిస్ అనే ఇసుక ఈగపై వెలువడిన పరిశోధన పత్రాల ప్రకారం, ఫెరోమోన్ మగ ఈగ పొట్ట పైభాగంలోని గ్రంథుల్లో తయారవుతుంది. మగ ఈగలు కోళ్ల గూళ్ల వంటి చోట్ల, రక్తం దొరికే జంతువుల మీదో వాటి చుట్టుపక్కలో గుంపుగా చేరి దాన్ని వెదజల్లుతాయి. ఆ వాసనకు ఆడ ఈగలే కాక మరిన్ని మగ ఈగలు కూడా వచ్చి చేరతాయి. కుట్టి రక్తం తాగేది మాత్రం ఆడదేనన్న మాటలో మార్పు లేదు.

ఈ రసాయనం అంతటా ఒకటి కాదు. బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో, పొట్ట మీది మచ్చను బట్టి ఒంటి మచ్చ రకం అని పిలిచే ఈగల్లో అది 9-మిథైల్ జెర్మాక్రీన్-బి, అదే దేశంలోని జకోబినా ఈగల్లో 3-మిథైల్-ఆల్ఫా-హిమాచలీన్. పైకి ఒకేలా కనిపించే ఈ ఈగలు నిజానికి ఒక జాతుల సముదాయమని పరిశోధకులు భావించడానికి ఇదొక ముఖ్య ఆధారం. బీహార్‌లో కాలా అజార్‌ను మోసే ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ వేరే జాతి కనుక, పై వివరాలను దానికి యథాతథంగా వర్తింపజేయరాదు.