సవరణ: లిన్28 గురించి నేను తప్పు రాశాను

మొన్న స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) మీద పెట్టిన పోస్టులో లిన్28 అనే ప్రోటీన్‌ని ఆక్ట్4, సాక్స్2, నానాగ్‌లతో కలిపేసి ఈ నాలుగు ప్రోటీన్లూ డిఎన్ఏకి అతుక్కుని జీన్స్‌ని ఆన్ చేస్తాయి అని రాసేశాను, అది తప్పండి. 2007లో జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త టీమ్ మనిషి మామూలు కణాల్ని ఈ నాలుగింటితోనే స్టెమ్ సెల్స్‌లా మార్చిన మాట నిజమే, కానీ లిన్28 ప్రధానంగా పట్టుకునేది ఆర్ఎన్ఏని (డిఎన్ఏని చూసి కణం తయారు చేసుకునే నకలుని).

ఇంకోటి, అది లెట్-7ని కోసేస్తుంది అన్నాను. కోయదు. లెట్-7 అంటే కణం ఎదిగి తన పని తాను చేసుకునేలా చేసే చిన్న ఆర్ఎన్ఏ, అది ఇంకా తయారవుతుండగానే లిన్28 వెళ్ళి పట్టుకుంటుంది, అప్పుడు టట్4 అనే ఎంజైమ్ వచ్చి దాని చివర ఆర్ఎన్ఏ అక్షరాల్లో ఒకటైన 'యు'లు వరసగా తగిలిస్తుంది, ఆ తోకని గుర్తుపట్టి డిస్3ఎల్2 అనే ఇంకో ఎంజైమ్ దాన్ని నాశనం చేస్తుంది. ఎంత అందమైన ఏర్పాటో కదా!

లెట్-7 తగ్గితే రాస్, మిక్ లాంటి, కణాల్ని పెరగమని తోసే జీన్స్‌కి పగ్గాలుండవు, కాన్సర్‌తో లింకు అక్కడే. అలాగని లిన్28 ఉంటే కాన్సర్ అనుకోవద్దు, పిండంలో అది ఉండాల్సిందే, ఎదిగాక చాలా కణాల్లో దాని తయారీ ఆగిపోతుంది, అది మళ్ళీ మొదలైతేనే ఇబ్బంది. పాత పోస్టు కూడా మార్చాను, చదివి షేర్ చేసినవాళ్ళకి సారీ.