మహారాజశ్రీ ఎర్రగన్నేరు గారికి

గేటుకు ఎడమవైపు, మా కాంపౌండు గోడ పక్కన.

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి ఆగింది. మీ కుశలానికి ఏ లోటూ లేదు, మే నెల ఎండలో ఊరంతా మాడిపోతుంటే మీరొక్కరే గుత్తులు గుత్తులుగా పూస్తారు. అనుమానమంతా మా కుశలం గురించే.

మొన్న ఆదివారం నా నాలుగేళ్ల మనవరాలు లక్కపిడతల్లో వంట చేసి "తాతయ్యా, అన్నం తిను" అని నా ముందు పెట్టింది. ఇసుక అన్నం, ఇటుకపొడి కారం, గన్నేరాకు వేపుడు. "నువ్వు తిన్నావా తల్లీ?" అని అడిగేలోపు నా గొంతు ఎండిపోయింది. "ఛీ, అది ఉత్తుత్తి కూర" అంది. నా మనవరాలికి ఉన్న తెలివి నాకు లేనందుకే ఈ ఉత్తరం.

మిమ్మల్ని కొన్నరోజు నర్సరీ అబ్బాయి "నీళ్లు పెద్దగా అక్కర్లేదు సార్, మేక కూడా ముట్టదు" అన్నాడు. సినిమా పోస్టర్లు కూడా నమిలే జీవి మీ దగ్గరికొచ్చి మర్యాదగా పక్కకు తప్పుకుంటుందంటే ఎందుకని అడగాలి కదా! అడగలేదు. పైగా నేను ముప్పై ఏళ్లు ఆడిట్ సెక్షన్‌లో పనిచేశాను.

నిజానికి మీరేమీ దాచలేదు. సంస్కృతంలో మీకు కరవీరం అని ఒక పేరుంటే, అశ్వమారకం అని ఇంకొకటి ఉంది. అంటే గుర్రాన్ని చంపేది. ఇంత పెద్ద బోర్డు తగిలించుకుని నిలబడితే మేం 'అలంకరణ మొక్క' అని చీటీ కట్టి అమ్ముకుంటున్నాం. హైవే డివైడర్ల మీద ఎదుటి బండి లైటుకు అడ్డంగా నిలబడటం మీకు తగిన ఉద్యోగమే. పిల్లలు ఆడుకునే వాకిట్లో పోస్టింగు ఇచ్చింది మాత్రం మేమే.

ఆకు, పువ్వు, కాడ, వేరు, అన్నిట్లోనూ విషమే, అదీ గుండె లయను తప్పించే రకం. ఎండినా పోదు, ఉడికినా పోదు, తగలబెడితే పొగలోనూ వస్తుంది. పచ్చిగా ఉన్నంతసేపు చేదుతోనైనా హెచ్చరిస్తారు. కొమ్మలు కొట్టి వీధిలో పారేస్తే, ఎండాక ఆ చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. పాపం ఆవు నమ్మి నోరు పెడుతుంది. ఆ నేరంలో కొమ్మలు కొట్టించి బయట వేయించిన నాకూ వాటా ఉంది.

మీ బంధువు పచ్చగన్నేరు గింజలతో చిన్నప్పుడు ఆడుకున్నవాళ్లం. ఎలా బతికామో ఆ శివుడికే తెలియాలి. శివుడంటే గుర్తొచ్చింది. 2024 మే నెలలో కేరళలో ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు తన గుళ్లలో నైవేద్యానికీ ప్రసాదానికీ అరళి పువ్వు వాడొద్దంది. అక్కడ అరళి అంటే తమరే. తెల్లవారుజామున కవరు పట్టుకుని మా గోడ మీదికి వంగే భక్తులకు ఈ కబురింకా అందలేదు. శివుడికి పెడితే పెట్టనివ్వండి, ఆయనకు విషం అలవాటే. ఆ పళ్లెంలోంచి తిరిగొచ్చే కొబ్బరిముక్క తినే మాకు అలవాటు లేదు.

మా ఆవిడ "పీకి పారేయండి" అంది. మీ ఎరుపు మీద మోజు కొద్దీ నేను బేరమాడాను. ఇకపై మీ కాపురం పెరట్లో, తాళం వేసిన జాలీ లోపల. పాపాయి చెయ్యి గానీ మా కుక్క టైగర్ మూతి గానీ అక్కడికి అందవు. రాలిన పువ్వూ ఆకూ రోజూ నేనే గ్లౌజులు వేసుకుని ఊడుస్తాను. కొమ్మలు కొడితే తగలబెట్టం, సంచిలో కట్టి చెత్తబండికి ఇస్తాం. గేటు దగ్గరి ఖాళీ మందారానికి. ఇంత చేసినా పొరపాటున ఎవరైనా నమిలితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించడాలు ఉండవు. వెంటనే 108కి ఫోన్ చేసి, డాక్టరుకు చూపించడానికి మీ కొమ్మొకటి సంచిలో వేసుకుని వెళ్తాం.

లక్కపిడతల వంటకు ఇకనుంచి తోటకూర సరఫరా నాది.

ఇట్లు,
ఇన్నాళ్లూ తమ యజమానినని భ్రమపడిన
విధేయుడు

తా.క.: హాల్లో సోఫా పక్కనున్న డైఫెన్‌బేకియా గారికి వేరే ఉత్తరం రాస్తున్నాను. "మనీప్లాంట్ లాంటిదే సార్" అని అంటగట్టాడు అదే అబ్బాయి. పాపం అబద్ధం చెప్పలేదు. రెంటి ఆకుల్లోనూ నోరు మండించే, కంటికి కనపడని సూదులే ఉన్నాయట.