మా ఆవిడ పెడితే చెవిన పడుతుంది, అంతే

తెలుగునాట సీరియల్ చూసే మగవాడు లేడు. బల్లగుద్ది చెబుతున్నాను. పదిమందిని అడిగాను, పదిమందీ "ఛఛ" అన్నారు. ఒకాయనైతే గుండె మీద చెయ్యేసుకుని "నేనా? సీరియలా?" అన్నాడు, ఆస్తి కాగితాల మీద దొంగసంతకం పెట్టావా అని అడిగినట్టు.

మరి 2017లో మొదలైన 'కార్తీకదీపం' 2023 జనవరి దాకా 1,500 ఎపిసోడ్లు దాటి ఎలా నడిచింది? ఆడవాళ్లు చూశారట. వాళ్లు చూస్తుంటే మగవాళ్ల చెవిన పడిందట. ఈ చెవిన పడటం మాత్రం శాస్త్రజ్ఞులు పట్టించుకోవాల్సిన విషయం. అప్పట్లో ఓ పొద్దున్న మా ఆఫీసు కింద టీ బండి దగ్గర ఎవరో, పెళ్లాన్ని అనుమానించే ఆ సీరియల్ డాక్టరు హీరోని తలుచుకుని, "ఆ డీఎన్‌ఏ టెస్టేదో చేయిస్తే పీడా పోతుంది కదా" అని గొణిగారు. అంతే. "డాక్టరై ఉండి ఆమాత్రం తెలీదూ!" "ఆ విలన్ మోనిత పడనిస్తేగా!" "హీరోయిన్ వంటలక్కది ఏం ఓర్పండీ బాబూ!" నాలుగు టీలు చల్లారిపోయాయి. తేరుకున్నాక నలుగురూ ఒక్క గొంతుతో "మా ఆవిడ చెప్పింది" అన్నారు. అందులో ఒకడికి ఇంకా పెళ్లి కాలేదు.

క్రికెట్టు కూడా కొన్నాళ్లు మగజాతి పరువు కాపాడింది. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఎనిమిదింటికి, టాస్ ఏడున్నరకి. సీరియలూ ఏడున్నరకే. టాస్ చూద్దామని రిమోట్ పట్టిన పెద్దమనుషులు దారితప్పి స్టార్ మాలో తేలి, మొదటి బంతి వేళకి ఒడ్డున పడేవారు. 2020లో మ్యాచ్‌నే ఏడున్నరకి జరిపేశారు. పచ్చని కాపురాల్లో పెట్టిన ఈ చిచ్చు మీద ఒక్క సంపాదకీయమైనా వచ్చినట్టు నాకు గుర్తులేదు.

మా బాబాయి రిటైరైన తెలుగు లెక్చరరు. సీరియల్ టైముకి పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నీటిపారుదల శాఖ టెండరు ప్రకటనని అరగంట చదివే మనిషిని ఇంకెక్కడా చూడలేదు నేను. టీవీలో దబ్, దబ్, దబ్ అని మూడుసార్లు మోగి, ఒకే మొహాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తారు చూడండి, అప్పుడు ఆ పేపరు సరిగ్గా అంగుళం కిందికి దిగుతుంది.

ఆయన నన్నయ శకుంతలోపాఖ్యానం చెబితే క్లాసు కదిలేది కాదు. పెళ్లాం బిడ్డని తీసుకుని నిండుసభకి వస్తే మొగుడు "నువ్వెవరో నాకు తెలీదు" అంటాడు. అది ఇతిహాసం. ఇక్కడ మొగుడు "పిల్లలు నా పిల్లలు కారు" అంటాడు. ఇది సాగతీత. తేడా నాకు తెలిసి ఒక్కటే: అక్కడ ఆకాశవాణి డీఎన్‌ఏ రిపోర్టు అప్పటికప్పుడు ఇచ్చేసింది. ఈ మాటే అంటే బాబాయి వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మధ్య పిన్ని పురిటికని కూతురి దగ్గరికి వెళ్లింది. ఓ సాయంత్రం వాళ్లింటికి వెళితే టీవీ మోగుతోంది. పేపరు మడిచినట్టే ఉంది.

"ఏంటి బాబాయ్, పిన్ని లేదుగా?"

"వచ్చాక ఏం జరిగిందని అడుగుతుంది కదరా, చెప్పొద్దూ?" అన్నాడు, కళ్లు తిప్పకుండానే.

పాపం, పెద్దాయన ఒక్కడే ఉన్నాడు కదాని కాసేపు తోడు కూర్చున్నాను. మర్నాడూ వెళ్లాను, ఏడుంపావుకే.