థెర్మోపిలే కనుమలో తెర మింగేసిన సైనికులు

గోరంతను కొండంత చేయడం సినిమావాళ్లు కనిపెట్టిన విద్య కాదు. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి దండెత్తిన పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ వెంట పరివారంతో కలిపి 52 లక్షల మందికి పైగా వచ్చారని, ఆ యుద్ధానికి ప్రధాన ఆధారమైన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క కట్టి మరీ రాశాడు. అంతమందికి తిండీ నీళ్లూ సమకూర్చడం ఆనాడు అసాధ్యం కనుక ఆధునిక చరిత్రకారులు చాలామంది ఆ సంఖ్యను లక్ష నుంచి మూడు లక్షల మధ్యకు దించారు. అందువల్ల థెర్మోపిలే కనుమలో స్పార్టా రాజు లియోనిడాస్, అతని 300 మంది సైనికులూ ఆ సేనను అడ్డుకున్న యుద్ధం మీద 2007లో వచ్చిన '300' సినిమాలో పర్షియా సేన దిగంతాల దాకా పరుచుకుని కనిపించిందని తప్పుపట్టలేం. ఆ అతిశయోక్తి దాదాపు యుద్ధమంత పాతది.

అదే సినిమాలో యుద్ధానికి దిగిన ఖడ్గమృగం కూడా నాకు అభ్యంతరకరం కాదు, ఎందుకంటే అది కల్పన అని చూడగానే తెలిసిపోతుంది. శత్రువును వికృతంగా చూపడం మాత్రం వేరే సంగతి. జెర్క్సీస్‌ను ఒళ్లంతా లోహపు గొలుసులు వేలాడే మహాకాయుడిగా, 'అమరులు' అని పేరున్న పర్షియా మేటి దళాన్ని ముసుగుల వెనుక దాగిన వికారరూపులుగా మలిచారు. పర్షియా రాజధాని పెర్సెపోలిస్ శిల్పాల్లో ఆ వంశపు రాజులు గడ్డంతో, నిండైన అంగీలతో గంభీరంగా కనిపిస్తారు. సూసా రాజప్రాసాదపు రంగుటిటుకల మీది ఈటెధారులు చక్కని దుస్తుల్లో బారులు తీరి ఉంటారు. ఇంత స్పష్టమైన రూపాలు అందుబాటులో ఉండగా వాటిని పక్కనబెట్టడం సౌందర్యదృష్టితో చేసిన ఎంపిక మాత్రమే అనుకోలేం. సినిమా విడుదలైనప్పుడు ఇరాన్ నిరసన తెలపడంలో నాకు న్యాయం కనిపిస్తుంది.

అంతకన్నా బాధించేది యుద్ధరీతిని చూపిన తీరు. సినిమాలోనే ఒక మంచి సన్నివేశం ఉంది. సైన్యంలో చేర్చుకోమని వచ్చిన ఎఫియాల్టెస్‌కు, ప్రతి సైనికుడి డాలూ తన ఎడమ పక్కవాడిని కాపాడుతుందనీ, డాలు ఎత్తలేనివాడు ఒక్కడున్నా వ్యూహమంతా చెదిరిపోతుందనీ లియోనిడాస్ ఓపిగ్గా వివరిస్తాడు. డాలుకు డాలు ఆనించి వరుసగా పోరాడే గ్రీకు వ్యూహం ఫాలాంక్స్‌కు ప్రాణం నిజంగా అదే. కానీ పోరు మొదలైన కాసేపటికే ఆ రాజే వరుస వదిలి, ఒంటి మీద కవచమైనా లేకుండా, ఒంటరిగా శత్రువుల మధ్యకు దూసుకుపోతాడు. హెరొడోటస్ చెప్పిన అసలు ఎత్తుగడ దీనికన్నా ఉత్కంఠభరితం: స్పార్టన్లు ఒక్కుమ్మడిగా పారిపోతున్నట్లు నటించి, పర్షియన్లు కేకలు వేస్తూ దగ్గరకు రాగానే గిరుక్కున తిరిగి కూల్చేవారు. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకు దారిలో సంఖ్యాబలం అక్కరకు రాకపోవడం, పర్షియన్ల ఈటెలు గ్రీకుల ఈటెలకన్నా పొట్టివి కావడం వారిని మరింత దెబ్బతీశాయి. స్పెర్కియోస్ నది మేట వేసిన ఒండ్రుతో సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కి జరిగింది కనుక, ఇవాళ అక్కడికి వెళ్లినవారికి ఆ ఇరుకు కనిపించదు. దాన్ని మళ్లీ కళ్లకు కట్టగల శక్తి సినిమాకే ఉంది. ఆ అవకాశాన్ని వదులుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అయితే కల్పించినదానికన్నా తొలగించినది ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే తెర మీద లేనివాడి లోటు ప్రేక్షకుడికి తెలిసే వీలే లేదు. కనుమను కాచిన గ్రీకులు దాదాపు 7,000 మంది. అదే రోజుల్లో ఆర్టెమీసియం దగ్గర గ్రీకు నౌకాదళం పర్షియా ఓడలను నిలువరించకపోతే, శత్రువు సముద్రం మీదుగా వచ్చి వారి వెనుక దిగి ఉండేవాడు. స్వేచ్ఛ గురించి అంతగా మాట్లాడే ఆ స్పార్టన్ల వెంట వారి దాసులైన హెలట్లు వచ్చి అక్కడే ప్రాణాలు విడిచారు. వీరిలో చాలామందికి కథలో చోటు దక్కలేదు.

అన్నిటికీ మించి థెస్పియన్లు. కనుమను చుట్టి వెనుకకు చేరే కొండదారి గుట్టు శత్రువుకు చేరిందని తెలిశాక మిగతా సేనలు చాలావరకు వెనుదిరిగినా, థెస్పియాయి నగరం నుంచి వచ్చిన 700 మంది స్పార్టన్లను విడిచి వెళ్లబోమని నిలబడి, వారితోపాటే మరణించారు. స్పార్టన్ల సంఖ్యకు రెట్టింపుకు పైగా ఉన్న ఆ దళం పేరు సినిమాలో ఒక్కసారి కూడా వినిపించదు. ఆ తర్వాత జెర్క్సీస్ సేన వారి నగరాన్ని తగలబెట్టింది. మరుసటి ఏడాది పర్షియన్లతో జరిగిన ప్లాటియా యుద్ధానికి మిగిలిన థెస్పియన్లు 1,800 మంది, కవచాలూ పెద్ద డాళ్లూ లేకుండానే మళ్లీ వచ్చారు.