పలకని సర్వరు, ఆరని దుప్పటి

మా మామ అల్లూరు దగ్గర రొయ్యల మేత డీలరు. ఆయనకీ, ఆయన తోటి డీలర్లు ఇంకో పదకొండు మందికీ బిల్లులు కొట్టుకునే ప్రోగ్రామ్ ఒకటి నేను చేసిపెట్టాను. దాని సర్వర్ ముంబైలో ఉంటుంది, అద్దెది. నేను నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంట్లోనే కూర్చుని దాన్ని చూసుకుంటాను. మేత బస్తాలు లోడెత్తేది పొద్దునపూటే కాబట్టి ఆ టైములో సర్వర్ పడుకుందంటే ఇక నన్ను పడుకోనివ్వరు. ఏడాదిలో 99.9 శాతం నడుస్తుందని ధీమాగా మాట కూడా ఇచ్చేశాను, అంటే లెక్క ప్రకారం ఏడాది మొత్తమ్మీద ఆగడానికి ఉన్నది 8 గంటల 46 నిమిషాలే.

అందుకని పింగ్ పెట్టాను. పింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. 1983లో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన రాశాడు, నీళ్లలో సోనార్ చేసే చప్పుడు పేరే దానికి పెట్టాడు. ఇక్కణ్ణించి చిన్న డేటా ప్యాకెట్ ఒకటి పోతుంది, అవతలి మిషన్ దాన్ని తిప్పి పంపుతుంది, పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో తెర మీద పడుతుంది. విండోస్‌లో ఊరికే కొడితే నాలుగుసార్లు అడిగి ఊరుకుంటుంది, చివర మైనస్ టీ తగిలిస్తే మనం ఆపేదాకా అడుగుతూనే ఉంటుంది, మా మామ నా పెళ్లి సంగతి అడిగినట్టు. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ సైరన్ మోగించేట్టు ఇంకో ముక్క కూడా రాసుకున్నాను.

మొదటిరోజు ఆ సైరన్ మోగినప్పుడు అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది.

"ఏందిరా అది?"

"పింగమ్మా. సర్వర్‌ని ఓయ్ అని పిలస్తా, అది ఆఁ అనాల. అన్లేదు."

"పలక్కపోతే లేచి పొయ్యి చూడాల గానీ, కూర్చున్న చోటి నుంచే ఇంకోసారి ఓయ్ అంటే ఏం లాభం?"

సర్వర్ ముంబైలో ఉందని చెప్పాను. అట్టయితే రైలెక్కమని చెప్పి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి రోజూ ఇదే వరస. తొమ్మిదింపావు దాకా 30 చిల్లర మిల్లీసెకన్లతో బంగారంలా నడిచేది, ఆ తర్వాత నాలుగింట్లో ఒకటి 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్', అంటే జవాబు రాలేదని, ఆపైన మూడింట్లో ఒకటి. మధ్యాహ్నం అయ్యేకొద్దీ మెల్లగా సర్దుకుని, రెండింటికల్లా మళ్లీ బంగారం. ప్యాకెట్ ఏయే మజిలీల మీదుగా పోతోందో చూపే ట్రేస్‌రూట్ కొట్టి చూశాను. మా ఇంటి రూటర్ ఒక్క మిల్లీసెకనులో పలుకుతోంది, దాని తర్వాతి మజిలీ నుంచే ప్యాకెట్లు గల్లంతు. కాబట్టి మా ఇంట్లో ఏ తప్పూ లేదు అని తేల్చేశాను. ఇంత చదువు చదివి తేల్చింది అది. మామకి ఫోన్ చేసి, సర్వర్ ఏమన్నా సతాయిస్తోందా అంటే, "ఈడ బాగానే ఉండాదే అల్లుడూ" అన్నాడు. ఆయనకి టెక్నికల్‌గా తెలీదులే అనుకున్నాను.

తర్వాత మూడు రోజులు ముసురు. వాన పడితే మా వీధిలో కరెంటూ నెట్టూ ఏదో ఒకటి పోవడం ఆనవాయితీ. ఈసారి మాత్రం ఆ మూడు రోజులూ ఒక్క ప్యాకెట్ కూడా గల్లంతు కాలేదు. అంతకుముందు అమ్మ ఒంగోల్లో పిన్ని వాళ్లింటికి వెళ్లిన రెండు రోజులూ ఇంతే. నేను గ్రాఫ్ గీసి, ఎర్ర గీతలూ పచ్చ గీతలూ వేసి, సర్వర్ అద్దెకిచ్చిన వాళ్లకి పెద్ద మెయిల్ రాశాను. మీ దగ్గర ఎండ కాసిన రోజుల్లో మిషన్లు వేడెక్కుతున్నాయేమో చూసుకోండి అని సలహా కూడా ఇచ్చాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

నాలుగో రోజు ఎండ వచ్చింది. తొమ్మిదిన్నరకి సైరన్ మోగింది, ఈసారి ఆగలేదు. ఒక్క ప్యాకెట్ కూడా తిరిగి రావడం లేదు. టెన్షన్‌లో ఫోన్ డేటాతో లాగిన్ అయ్యి సర్వర్‌ని రీస్టార్ట్ కొట్టేశాను, డీలర్ల గ్రూపులో "సర్వర్ డౌన్, బిల్లులు కాగితం మీద రాసుకోండి" అని మెసేజ్ పెట్టాను. డౌన్ అయిన సర్వర్‌లోకి ఫోన్‌తో అంత సులువుగా ఎలా వెళ్లగలిగానో అప్పుడు తట్టలేదు.

రెండో నిమిషంలో మామ ఫోన్. "అల్లుడూ, నలభై బస్తాల బిల్లు కొడతా ఉండా, చివర్లో తెర తెల్లగా అయిపోయె. లారీ వాడు హారన్ కొడతా ఉండాడు. ఏం జేసినావు?"

నేనేం చేశానో నాకే అర్థమయ్యేసరికి, ముసురుకి ముందు కంప్లయింట్ పెట్టినందుకు ఫైబర్ కుర్రాడు రానే వచ్చాడు. ఇంట్లో ఉన్న నెట్ డబ్బా మీద అమ్మ చేతిరుమాలు కప్పి ఉంది. తీశాడు. కింద ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది.

"ఇది కప్పిందెవరన్నా?"

"నేనే నాయనా. మద్యాన్నం కాస్త నడుం వాలిస్తే కంట్లో పొడస్తా ఉండాది," అంది అమ్మ.

కుర్రాడు తీగ ఊడదీసి, అందులో వెలుగు ఎంత వస్తోందో చూపే మీటర్‌కి పెట్టాడు. మైనస్ 31. మైనస్ 27 దాకా అయితే డబ్బా ఎట్టాగో తట్టుకుంటుందట, అంతకంటే కిందికి పోతే వెలుగు చాలదట. "కేబుల్ ఎక్కడో వంగిందన్నా, ఒకసారి మేడెక్కి చూడండి," అన్నాడు.

ఎక్కాను. స్తంభం నుంచి మా మెట్లగది గోడకి రావాల్సిన నల్ల కేబుల్ మేడ మీద బానపొట్టలా వేలాడుతోంది. దాని మీద మూడు రోజుల బట్టలు. రెండు బొంత దుప్పట్లు, నాన్న పంచెలు, నా జీన్సు ప్యాంట్లు, అన్నీ పిండీ పిండకుండా వేసినవి, నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఆ బరువుకి కేబుల్ గోడ కొక్కెం దగ్గర మోకాలు మడిచినట్టు మడత పడింది. లోపల ఉండేది వెంట్రుకంత గాజుపోగు. అంత మడత పెడితే వెలుగు మలుపు తిరక్కుండా పక్కకి కారిపోతుంది. నా ప్యాకెట్లన్నీ ముంబై దారిలో కాదు, మా దుప్పటి కిందే పోతున్నాయి. బట్టలు ఆరి తేలికయ్యేకొద్దీ అవీ కోలుకుంటున్నాయి.

"ఒక్కొక్కటే తీసి చెప్పండన్నా, రీడింగ్ చూస్తా," అని కింది నుంచి కేకేశాడు.

"దుప్పటి తీశా!"

"మైనస్ 27!"

"ఇంకో దుప్పటి తీశా!"

"మైనస్ 24! ఇంకా తీయండి!"

"పంచె తీశా!"

ఎదురింటి పెద్దాయన పేపరు దించి చూశాడు.

"మైనస్ 21! చాలన్నా!"

అమ్మని అడిగితే ఒక్క పిసరు కూడా తగ్గలేదు. మొన్న గాలివానకి బట్టల తీగ తెగిందట, కట్టమని నాకు నాలుగుసార్లు చెప్పిందట, నేను పింగ్ చూసుకుంటూ ఊఁ అన్నానట. "అది ఇనప తీగ, తుప్పు మరకలు పడతాయి. ఇది నున్నగా, గట్టిగా ఎంత బాగుండాదో! నెలనెలా డబ్బులు కడతా ఉండాం గదా దానికి."

ఆ సాయంత్రమే నైలాన్ తాడు తెచ్చి కట్టాను. మామ పోయిన బిల్లు మళ్లీ మొదట్నుంచి కొట్టుకున్నాడు. రికార్డులన్నీ తీసి చూస్తే నెల మొత్తంలో సర్వర్ నిజంగా ఆగింది ఒకే ఒక్కసారి, నాలుగు నిమిషాలు, అదీ నేను ఆపితేనే.

నిన్న పొద్దున ఎనిమిదింటికి మళ్లీ సైరన్ మోగింది. నేను కుర్చీలోంచి లేచేలోపే పెరట్లోంచి అమ్మ గొంతు.

"నేను గాదు! బట్టలింకా నానబెట్టనే లా!"