నూటికి నూరు శాతం మాంద్యం అన్నవాళ్లు లెక్క ఎప్పుడు అప్పగిస్తారు?

2022 అక్టోబరులో, ఆర్థిక వార్తల సంస్థ బ్లూమ్‌బర్గ్‌కు చెందిన పరిశోధన విభాగం బ్లూమ్‌బర్గ్ ఎకనామిక్స్ మోడల్ ఒక అంకె ఇచ్చింది: ఏడాది లోపు అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చే అవకాశం 100 శాతం. తొంభై కాదు, తొంభై అయిదు కాదు, నూటికి నూరు! ఏడాది గడిచింది. మాంద్యం రాలేదు. 2023 పొడవునా అక్కడ నిరుద్యోగం 4 శాతం లోపే ఉంది, జీడీపీ పెరుగుతూనే పోయింది.

అంచనా తప్పినందుకు నాకు కోపం లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చూసిన మాంద్యాలు మొత్తం 12. ఒకటి చమురు ధరల వల్ల, ఒకటి ఇళ్ల రుణాల వల్ల, ఒకటి వైరస్ వల్ల వచ్చింది. ఇంత కొద్ది అనుభవంతో, ఇన్ని రకాల కారణాలతో కట్టిన ఏ మోడలైనా తడబడుతుంది. అలాంటప్పుడు 100 అనే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? నా కోపమంతా అక్కడే.

అసలు మాంద్యాన్ని పసిగట్టే సూచికలు కనిపెట్టినవాళ్లను చూడండి. స్వల్పకాల ప్రభుత్వ బాండ్ల వడ్డీ దీర్ఘకాల బాండ్ల వడ్డీని మించిపోతే మాంద్యం దగ్గర పడ్డట్టేనని ఆర్థికవేత్త క్యాంబెల్ హార్వే 1986లో తన పీహెచ్‌డీలో చూపించారు. 2022లో వడ్డీలు అలా తిరగబడి దాదాపు రెండేళ్లు అలాగే ఉన్నాయి. ఈసారి ఇది తప్పుడు సంకేతం కావచ్చని ముందే అన్నది ఎవరు? హార్వేనే. నిరుద్యోగ రేటు మూడు నెలల సగటు, అంతకు ముందు ఏడాదిలోని కనిష్ఠం కన్నా అర శాతం పాయింటు పెరిగితే మాంద్యం మొదలైనట్టే అంటుంది మరో ఆర్థికవేత్త క్లాడియా సామ్ సూత్రం. 2024 జులై లెక్కలతో అది గంట కొట్టింది. పని వెతుక్కునేవాళ్ల సంఖ్య పెరగడం వల్ల కూడా రేటు పెరిగిందని, తొందరపడి మాంద్యం అనకండని చెప్పింది కూడా సామే. సూత్రం రాసినవాళ్లకు దాని హద్దులు తెలుసు. దాన్ని ఎత్తుకుని కేకలు వేసేవాళ్లకే తెలియదు.

ఇంకో వైపు, నిజంగా వచ్చిన మాంద్యాలను ముందే చూశారా అంటే అదీ లేదు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) పరిశోధకులు 63 దేశాల్లో 1992 నుంచి 2014 వరకు వచ్చిన 153 మాంద్యాలను పరిశీలించారు. ముందటి ఏడాది ఏప్రిల్ నాటికి నిపుణుల ఉమ్మడి అంచనా పసిగట్టినవి అయిదంటే అయిదు. నాకు తోచిన కారణం ఒకటే: అందరితో కలిసి తప్పితే ఉద్యోగం పోదు, ఒంటరిగా తప్పితే పోతుంది. 2007 డిసెంబరులో అమెరికాలో మొదలైన మాంద్యాన్ని, అక్కడ మాంద్యాల తేదీలు నిర్ణయించే పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్ కమిటీ అధికారికంగా తేల్చింది 2008 డిసెంబరు 1న. వచ్చిందని తేల్చడానికే ఏడాది పట్టింది.

ఈ అంకెలు చూసి కంపెనీలు నియామకాలు ఆపుకుంటాయి. చదువు ముగించిన పిల్లలు ఆ ఏడాదంతా ఎదురుచూస్తూ కూర్చుంటారు. అంకె ఇచ్చినవాళ్లను ఎవరూ అడగరు.

వాతావరణ శాఖను చూడండి. 70 శాతం వాన అన్న రోజుల్లో పదింటికి ఏడు రోజులు కురిసిందా లేదా అని సరిచూస్తారు. మాంద్యం అంచనాలకూ అదే పద్ధతి ఉండాలి. కొత్త శాతం పక్కనే పాత శాతాలు, వాటి ఫలితాలు అచ్చు వేయాలి. 1968లో మొదలైన ఒక నిపుణుల సర్వేను ఇప్పుడు ఫిలడెల్ఫియా ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ఒక ప్రాంతీయ బ్యాంకు) నడుపుతోంది, పాత అంచనాలన్నీ బహిరంగంగా ఉంచుతోంది. అంచనాలు అమ్ముకుని బతికే సంస్థలకు ఆ మాత్రం చేయడానికి అడ్డేమిటి?